దారుశిల్పమున తుది చాలు: సి.ఎన్.సి. రూటరు బిట్ల వివాద సమీక్ష

తెనాలికి ఆనుకొని గుంటూరు బాటపైనున్న అంగలకుదురు మొదలుకొని అటు బాపట్ల, ఇటు రేపల్లె వరకు పరచుకొన్న కృష్ణా పశ్చిమ డెల్టా వరిచేల సీమయే కాని వనసీమ కాదు. ఇచ్చటి గృహస్థుడు సింహద్వారమునకు టేకు తలుపు నిలుపుకొన్నను, పూజగదికి చెక్కడపు వాకిలి అమర్చుకొన్నను, ఆ కొయ్య పొరుగు ప్రాంతమునుండియో పరదేశమునుండియో రావలసినదే. అట్లు వెల పోసి తెచ్చుకొన్న పలకపై గజలక్ష్మిని, దశావతారములను, లతాపంక్తులను చెక్కు పని నిన్నమొన్నటివరకు వడ్రంగి ఉలిదై యుండగా, నేడు అందు పెద్ద భాగమును గణకయంత్రపు అంకెలచే నడచు సి.ఎన్.సి. రూటరు అందుకొన్నది. యంత్రముతో కూడ ఒక వాదమును వచ్చినది: స్పిండిలుకు ఏ బిట్టు తొడుగవలెను, తుదిసారి ఎంత సన్నని చాలుతో నడుపవలెను?

పైకి స్వల్పముగ కన్పట్టు ఈ వాదము, మూడు పక్షములవారు మూడు భిన్న ప్రశ్నలకు ఉత్తరము చెప్పుచు, ఒకే ప్రశ్నకు చెప్పుచున్నామని తలచుటచే చిక్కుపడినది. యంత్రమునుండి దిగిన పలకకు చేయి తగులనక్కరలేనంత నునుపు రావలెనని ఒక పక్షము. యంత్రపు గంటకు వెల కలదు గనుక రూపు తేలినంతనే ఆపి ఇసుక కాగితమునకు అప్పగింపవలెనని రెండవ పక్షము. యంత్రము ముతకపనికే తగును, ముఖము దిద్దుట ఉలికే చెల్లునని మూడవ పక్షము. వీనిని విడదీసి, లెక్కకు లొంగుదానిని లెక్కచేతను, లొంగనిదానిని కొయ్యచేతను పరీక్షించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పూర్వకథ

విగ్రహమునకు తగిన కొయ్యను ఎన్నుకొనుట మన పూర్వులు శాస్త్రముగా భావించిన విషయము. వరాహమిహిరుని బృహత్సంహితలో వనసంప్రవేశమను అధ్యాయము అందులకే వినియోగింపబడినది. వడ్రంగి సంచిలో ఉలి ఒక్కటి యుండదు. పలకను పెల్లగించు వెడల్పు ఉలి వేరు, పల్లమును తొలుచు వంపు ఉలి వేరు, కనుబొమ్మ తీర్చు సన్న ఉలి వేరు. ముందు ముతకగా తొలిచి, పిమ్మట రూపు దిద్ది, తుదకు రేఖలు తీర్చు ఆ క్రమమునే యంత్రము రఫింగు, ఫినిషింగు అను పేర్లతో అనుసరించుచున్నది.

అంకెలచేత యంత్రమును నడపు విద్య అమెరికాలో పుట్టినది. హెలికాప్టరు రెక్కల పనిలోనుండిన జాన్ పార్సన్స్, వంపు నొకదానిని 17 బిందువులతో గుర్తించు పద్ధతికి మారుగా 200 బిందువులను లెక్కకట్టించి, ఒక్కొక్క బిందువు కడ కోత వేయించి, కోతల నడుమ మిగిలిన గట్లను ఆకురాయితో అరగదీయించు ఉపాయము నాలోచించెను. ఆ ఆలోచనయే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారి ప్రయోగశాలలో పెరిగి, 1952లో అంకెలచే నడచు యంత్రముగ ప్రదర్శితమైనది. గట్లను యంత్రమే తీయవలెనా, చేయి తీయవలెనా అను నేటి వివాదము ఆ తొలి ఉపాయముననే బీజరూపమున నున్నదనుట గమనింపదగినది.

బిట్టు చరిత్ర వేరు దారిని వచ్చినది. టంగ్‌స్టన్ కార్బైడును కోబాల్టుతో బంధించి చేసిన కఠినలోహమును జర్మనీలోని క్రుప్ సంస్థ 1920ల ఉత్తరార్ధమున విడియా యను పేర విపణికి తెచ్చెను. వజ్రమువంటిది అని ఆ పేరునకు అర్థము. మన పనివారు నేటికిని కార్బైడు మొనను విడియా అనియే పిలుచుట కలదు. మూడవ పాయ గణకయంత్రపు రచనలది. బర్మింగ్‌హామునకు చెందిన డెల్‌కామ్ సంస్థవారి ఆర్ట్‌క్యామ్ అను రచన, చిత్రమునుండి ఉబ్బుచెక్కడమును పుట్టించు పనిని సామాన్య కార్ఖానాకు సుకరము చేసెను. ఆటోడెస్క్ సంస్థ 2014లో డెల్‌కామును కొని, 2018లో ఆర్ట్‌క్యామును నిలిపివేసినను, ఆ పేరు పనివారి నోట నిలిచియే యున్నది.

మొనల వంశము

చెక్కడపు బిట్లను మొన ఆకారమును బట్టి నాలుగు కుదుళ్లుగ చెప్పవచ్చును. చదును మొన గలది పలకలోని అధిక ద్రవ్యమును త్వరగా తొలగించును, సమతలమును చక్కగ తీర్చును. వాలుపై మాత్రము మెట్లు విడుచును. గోళాకారపు మొన గల బాల్ నోస్ బిట్టు వాలునకు, వంపునకు ఒదుగును. అదే గోళము సన్నగానుండి, పైకి పోను పోను లావగుచు పిడిని కలియునది టేపరు బాల్ నోస్. దేవతామూర్తుల చెక్కడమునకు నేడు దీనినే విశేషముగ వాడుచున్నారు. కోణాకారపు వి బిట్టు అక్షరములకును, లతల అంచులకును ఉపయోగించును.

ఇందు బాల్ నోస్ గుణదోషములు కొంచెము వివరింపదగినవి. గోళము సరిగా అడుగున, అక్షముపై, ఎంత వేగమున తిరిగినను కదలనట్లే. అచ్చట కోతవేగము సున్న. కావున సమతలముపై బాల్ నోస్ నడచునపుడు దాని నడిమొన కొయ్యను కోయక ఒరయును. నార నలుగును, ఒక్కొక్కయెడ నల్లబారును. మూర్తి వెనుకనుండు చదునైన నేపథ్యమును గూడ సన్న టేపరు బిట్టుతోనే తుదముట్టించు అలవాటు ఇందుచేతనే యుక్తము కాదు. ఆ భాగమును చదును మొనకు విడుచుటయే మేలు.

టేపరు గొప్పతనము బలములోనున్నది. బిట్టు ఎంత వంగునన్నది పొడవు ఘనమును అనుసరించి పెరుగును, వ్యాసము చతుర్థఘాతమును అనుసరించి తగ్గును. 6 మి.మీ. కాడకు మారుగా అంతే పొడవుగల 3 మి.మీ. కాడ తొడిగినచో వంపు 16 రెట్లగును, 20 మి.మీ. బయటికి చాచినదానిని 30 మి.మీ. చాచినచో 3 రెట్లు మించును. మొన సన్నగ, మొదలు లావుగనుండు టేపరు ఈ రెండు కోరికలను కొంతవరకు సమన్వయించినది. అయితే బిట్టు పక్కవాలుకంటె నిట్రమైన గోడను అది చెక్కలేదు. కొందరు అమ్మకపువారు ఒక పక్క కోణమును, కొందరు రెండు పక్కల మొత్తమును టేపరుగా చెప్పుటచే ఈ విషయమున పొరపాట్లు కలుగుచున్నవి.

చాలు లెక్క

తుదిసారి బిట్టు పలకపై నాగలివలె నడచును. ఒక చాలునకును మరియొక చాలునకును నడుమ దూరమును పనివారు స్టెప్ ఓవరు అందురు. రెండు చాళ్ల నడుమ మిగులు గట్టే చేతికి గరుకుగ తగులునది. గట్టు ఎత్తు తెలియుటకు చాలు దూరమును వర్గించి, మొన వ్యాసార్ధమునకు ఎనిమిది రెట్లైన సంఖ్యచే భాగించిన చాలును. వివాదములో సగము ఈ ఒక్క లెక్కతో విడిపోవును.

6 మి.మీ. బాల్ నోస్, అనగా 3 మి.మీ. వ్యాసార్ధము, 0.6 మి.మీ. చాలుతో నడచినచో గట్టు 0.015 మి.మీ. మాత్రమే. వ్యాసార్ధము 0.5 మి.మీ. గల టేపరు బిట్టు అదే 0.6 చాలుతో నడచినచో గట్టు సుమారు 0.1 మి.మీ. అగును, దానిని 0.015కు దింపవలెనన్న చాలు 0.245 మి.మీ.కు కుదింపవలెను. కాలమున ఇది ఎట్లు పరిణమించునో చూడుడు. 600 మి.మీ. పొడవు, 300 మి.మీ. వెడల్పు గల పలకపై మొదటి బిట్టు 500 చాళ్లలో 300 మీటర్లు నడచును. నిమిషమునకు 3 మీటర్ల వేగమున 100 నిమిషములు. రెండవది 1224 చాళ్లలో సుమారు 735 మీటర్లు నడచును; 245 నిమిషములు. నునుపు రెంటికిని ఒక్కటే, కాలము రెండున్నర రెట్లు.

అట్లైన అందరును లావు బిట్టునే ఏల వాడరు? లక్ష్మి చేతివ్రేళ్ల సందున, హారములోని పూసకును పూసకును నడుమ, 3 మి.మీ. వ్యాసార్ధపు గోళము దిగదు. దిగనిచోట ద్రవ్యము మిగిలి, మూర్తి మైనము కరగినట్లు మొద్దుబారును. కావున బిట్టును నిర్ణయింపవలసినది నునుపు కోరిక కాదు, చిత్రములోని మిక్కిలి ఇరుకైన పల్లము. నునుపు పక్షమువారు సన్న బిట్టును, సన్న చాలును ఒకే గుణముగ భావించుట వలననే పొరబడుచున్నారని నా అభిప్రాయము: మొదటిది వివరమును తెచ్చును, రెండవది గట్టును తగ్గించును; ఒకటి రెండవదాని పని చేయజాలదు.

వేగపక్షమువారి వాదమునకు బలము ఇసుక కాగితమునుండి వచ్చును. 120 నంబరు కాగితముపై రాపొడి రేణువు సగటున 0.125 మి.మీ., 220 నంబరుపై 0.068 మి.మీ. ఈ రేణువుల ముందు 0.015 మి.మీ. గట్టు గట్టే కాదు. ఏ తలుపునకైనను పాలిషుకు ముందు కాగితపు పని తప్పనప్పుడు, కాగితము కొద్దిసేపట తీయగల గట్టు కొరకు యంత్రమును గంటలకొలది నడపుట వ్యర్థమని వారందురు. ఇది చదునుగ విశాలముగనున్న భాగములకు నిజము. పూసల సందునకు కాగితము పోదు. పోనిచ్చినను పూసల తలలు అరిగి చెక్కడము చప్పబడును. కాగితము పోజాలని చోటనే సన్న చాలు కావలెను, పోగలచోట అక్కరలేదు.

ఇరుపక్షములును తరచు మరచునది వాలు. చాలు దూరమును యంత్రము పైనుండి చూచి కొలుచును. చాళ్లకు అడ్డముగ 60 డిగ్రీల వాలు కలిగిన చెక్కిలిపై ఆ దూరము ఉపరితలమున రెండింతలగును, గట్టు నాలుగింతలగును. అందుచేతనే పాలిషు పూసిన పిమ్మట, ఏటవాలు వెలుతురులో, మూర్తి చెక్కిళ్లపైనను భుజములపైనను గీతలు తేలును గాని వక్షస్థలమున తేలవు. పలక అంతటికిని చాలును సగము చేసి కాలమును రెండింతలు చేయుటకంటె, నిట్రపు భాగములను మాత్రము వేరుచేసి అడ్డుదిశనుండి మరల నడపుట సులభోపాయము.

ఇక వేగముల సంగతి. నిమిషమునకు 18,000 చుట్లు తిరుగు రెండంచుల బిట్టు ప్రతి అంచుతోను 0.1 మి.మీ. పొట్టును తీయవలెనన్న నిమిషమునకు 3,600 మి.మీ. నడువవలెను. అయితే చెక్కడపు ఎగుడుదిగుళ్లలో చిన్న యంత్రము ఆ వేగమును అందుకొనలేదు. తెరపై 3,600 అని వ్రాసియున్నను, ఆగుచు సాగుచు 1,200 వద్దనే నడచినచో పొట్టు మందము మూడవవంతునకు పడిపోవును. బిట్టు కోయుట మాని ఒరయును, వేడెక్కును, మొద్దుబారును. నిదానముగ నడపినచో నునుపు వచ్చునను నమ్మకము ఇందుచే సగమే సత్యము. నడక తగ్గినపుడు చుట్లును తగ్గింపవలెను.

నార వెంటనా, అడ్డముగనా

నార వెంట నడపిన నునుపు వచ్చుననియు, అడ్డముగ నడపిన నార తెగిపడి అంచులు ఊడుననియు ఒక మతము. నారకు 45 డిగ్రీల ఏటవాలుగ నడపినచో రెండు దోషములును పంచుకొనబడునని మరియొక మతము. గుండ్రని రూపములు గల చెక్కడమున నార ఎటులైనను అన్ని దిక్కులను ఎదురగును గనుక ఈ వివాదమునకు ప్రాముఖ్యము తక్కువ. అంచుల రక్షణకు బిట్టు మెలిక దిశ ఎక్కువ ముఖ్యము: పొట్టును పైకి లాగు మెలిక గాడిని శుభ్రపరచును గాని పైయంచున నారను లేపును, కిందికి త్రోయు మెలిక పైయంచును కాపాడును గాని పొట్టును గాడిలోనే కూరును.

ఒకే బిట్టా, మూడు బిట్లా

ఒకే టేపరు బిట్టుతో ముతకపనియు సన్నపనియు కానిచ్చువారు బిట్టు మార్చు శ్రమయు, మార్చినప్పుడు ఎత్తు సరిచూచుకొను బెడదయు తప్పునందురు. లోతు 3, 4 మి.మీ.కు మించని చెక్కడమున ఇది చెల్లును. లోతు పెరిగినకొలది సన్న మొన తానే ద్రవ్యమునంతను మోయవలసి వచ్చి, పని సగములోనే వాడి కోల్పోవును. తుది చాలు మొద్దు మొనతో నడచును. 6 లేక 8 మి.మీ. చదును బిట్టుతో ముతకపని చేసి, అర మిల్లీమీటరునుండి ఒక మిల్లీమీటరు వరకు తోలు విడిచి, 3 మి.మీ. వ్యాసార్ధపు బాల్ నోస్‌తో రూపు దిద్ది, ఇరుకు పల్లములకు మాత్రమే టేపరు తొడుగుట పాత వడ్రంగి మూడు ఉలుల క్రమమునకు సరిపోవుచున్నది. లెక్కయు దీనినే సమర్థించుచున్నది.

కొయ్య మాట

పైని అంకెలన్నియు కొయ్యను మైనమువలె ఏకరూపమైన ద్రవ్యముగ భావించి చెప్పబడినవి. కొయ్య అట్టిది కాదు. టేకులో సహజముగ తైలమును, దానితోకూడ ఇసుక జాతికి చెందిన సిలికాయు ఉండును. తైలము నునుపునకు సాయపడును, సిలికా మొనను తినివేయును. కనుకనే టేకు చెక్కు విడియా బిట్టు చూపునకు చెక్కుచెదరకున్నను గోళపు అంచు కనబడకుండ అరుగును. పైగా టేకు అన్న ఒక్క మాటలో పలు రకములు దాగియున్నవి. బలార్షా టేకు, గోదావరి టేకు, బర్మా టేకు అని మన వ్యాపారులు వేరుచేసి చెప్పెడివారు. బర్మా 2014లో దుంగల ఎగుమతిని నిషేధించిన పిమ్మట ఘానా, ఈక్వడారు మున్నగు దేశముల తోట టేకు మన విపణులలో ప్రబలినది. త్వరగా పెరిగిన తోటమానున పొరలు వెడల్పు, చేవ తక్కువ. ఒకే పలకలో చేవ అద్దమువలె తెగగా, పక్కనున్న తెల్లకొయ్య నూగు లేచును. బర్మా టేకుపై కుదిరిన అంకెలను తోట టేకునకు వర్తింపజేసి బిట్టును నిందించుట న్యాయము కాదు.

వేపకొయ్యలో నార ఒకదానినొకటి పెనవేసికొని యుండును. ఏ దిశను నడపినను ఎచ్చటనో ఎదురునార తగులును. రక్తచందనము కఠినము, నీట మునుగునంత బరువు. సన్నని రేఖ చక్కగ నిలుచును గాని చిన్న మొన విరుగుట సులభము. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి దీనికి పూర్ణముగ విపర్యయము: దూదివలె తేలిక, మొద్దుబిట్టు తగిలిన నూగే నూగు. ఎం.డి.ఎఫ్. పలకకు నార లేదు గనుక దిశ చింత లేదు. కాని దాని పైపొర గట్టిది, నడుము మెత్తనిది. లోతుగ చెక్కినకొలది నూగు పెరుగును, అందలి జిగురు మొనను అరగదీయును.

ఈ ప్రకరణమున ఒక మాట చెప్పకుండుట తప్పగును. చాలు సన్నబడినకొలది పొట్టు పిండియగును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధనా విభాగము కొయ్యధూళిని మానవులకు కేన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చియున్నది. నాలుగు గంటలు నడచు తుది చాలు వద్ద నిలిచిన కుర్రవాని ఊపిరితిత్తుల లెక్క ఏ పక్షమువారి అంకెలలోను కానరాదు. ధూళిని లాగు గొట్టము లేని కార్ఖానాలో నునుపు పక్షమును నేను సమర్థింపజాలను.

ఉలి పక్షము

యంత్రము చెక్కిన ముఖములన్నియు ఒకే ముఖమనునది మూడవ పక్షమువారి ప్రధానాక్షేపణ. అది బిట్టు దోషము కాదు. కొని తెచ్చిన ఒకే ఫైలును వందచోట్ల చెక్కుట దోషము. విగ్రహ నిర్మాణమునకు పేరుపడిన తెనాలి శిల్పుల సన్నిధిననున్న ఈ ప్రాంతమునకు, తన మూర్తిని తానే మట్టిలో మలచి యంత్రమునకు ఇచ్చు శక్తి లేకపోలేదు. అయితే ఆక్షేపణలో సాంకేతికసత్యమును కలదు. గోళము ఎంత చిన్నదైనను లోమూలను గుండ్రముగనే విడుచును. కంటిరెప్ప కిందిగీత, పెదవుల నడిమిగీత ఉలితో మాత్రమే పదునుగ తెగును. శ్రీకాళహస్తి సమీపమున మాధవమాల దారుశిల్పులు చేతితో తీర్చు మూర్తులలో జీవము తోచుటకు ఈ పదును ఒక కారణము.

తుదిపూత ఏదో తెలియక తుది చాలును నిర్ణయించుట ఎంత నిరర్థకమో కొండపల్లి బొమ్మయే చెప్పును. అందు చెక్కిన భాగములను అతికి, చింతపిక్కల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో సందులు పూడ్చి, సున్నము పూసి రంగులు వేయుదురు, దానికి 0.015 మి.మీ. గట్టు చర్చయే లేదు. ఇంటి తలుపునకు లక్క పాలిషు పూసినచో మెత్తని మెరుపు చిన్న గీతలను మరుగుపరచును, మెలమైను, పాలియురిథేను (పి.యు.) పూతలు అద్దమువలె మెరసి ప్రతి గట్టును వెలుతురునకు ఎత్తిచూపును. కాబట్టి నునుపు పక్షము మెరుపుపూతలకు, వేగపక్షము లక్కకును రంగునకును, ఉలి పక్షము సమీపమునుండి చూడబడు ముఖమునకును సత్యమగుచున్నవి. పాలిషు నిర్ణయమైన పిమ్మటనే చాలును నిర్ణయించుకొను కార్ఖానాలో ఈ మూడును కలహింపవు.

తేలని సంగతులు

బిట్టు ఆయుర్దాయమును దినములలో చెప్పుట వాడుక. పైని లెక్కలో ఒక్క పలకకే సన్న మొన 735 మీటర్లు నడచినది; పది పలకలకు ఏడు కిలోమీటర్లు దాటును. నడచిన మీటర్లను, కొయ్య జాతిని కలిపి వ్రాసికొన్నగాని చవుకబిట్టు చవుకయో కాదో చెప్పుటకు వీలులేదు.

అంతకంటె చిక్కైనది తేమ. కట్టడములలో వాడు కొయ్యకు తగిన తేమను భారత ప్రమాణముల సంస్థ దేశమును వాతావరణ మండలములుగ విభజించి ఐ.ఎస్. 287లో నిర్దేశించినది. కాలువల నడుమనున్న తెనాలి ప్రాంతమున శ్రావణ భాద్రపదములలో కొయ్య తాగు తేమ వేరు, వైశాఖమున విడుచు తేమ వేరు. కొయ్యలో తేమ నూటికి ఒక పాలు మారినచో 300 మి.మీ. వెడల్పుగల టేకు పలక, కోత దిశను బట్టి, అర మిల్లీమీటరు వరకు హెచ్చుతగ్గులగును. మనము వాదులాడు గట్టునకు ఇది ముప్పది రెట్లు. ముతకపని పైతోలును ఒక వైపున తీసివేసినంతనే లోని బిగువు సడలి పలక దోనెవలె వంగుటయు కలదు. అందువలన ముతకపని ముగిసిన పలకను బల్లపైనుండి విప్పి కొన్ని దినములు ఆరనిచ్చి, మరల బిగించి, ఎత్తు సరిచూచి తుది చాలు నడపవలెనని కొందరు. ఒకసారి విప్పినదానిని అదే స్థానమున మరల నిలుపుట దుర్ఘటము గనుక ఏకధాటిగ ముగింపవలెనని కొందరు. మొదటివారి వైపు కొయ్యస్వభావము, రెండవవారి వైపు యంత్రస్వభావము నిలిచియున్నవి. పలకకు ముందే స్థిరమైన రంధ్రములు తొలిచి మేకులపై కూర్చుండబెట్టు పద్ధతి ఇరువురను కలుపునని తోచుచున్నది గాని, వాన నెలలలోను, వేసవిలోను ఒకే చెట్టు పలకలపై దానిని పరీక్షించి చూడవలసియున్నది.